సగం గ్లాసు జావ

మా బావ దశరథ్ తప్పులు వెతికి బతుకుతాడు. జర్మనీలోని ఎష్‌బోర్న్ ఊళ్లో ఒక బ్యాంకు కోసం ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌కు అడ్డం పడి, ఇక్కడ తప్పుంది, అక్కడ తప్పుంది అని చెప్పడం అతని ఉద్యోగం. బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకును చేసుకున్నాను. పెళ్లయినంత మాత్రాన చిన్నప్పటి పిలుపు మార్చుకోవాలా? హన్మకొండలో వాళ్ల నాన్న ఎక్సైజ్ కానిస్టేబుల్. ఆ ఇంట్లో పెరిగినందుకో ఏమో, ప్రభుత్వ కాగితమంటే బావకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. జర్మనీకి వచ్చిన ఏడేళ్లలో మా పెట్టెలో పడ్డ ప్రతి ఉత్తరం తేదీల వారీగా ఫైళ్లలో ఉంటుంది. టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, పదింటికైతే తొమ్మిదీ నలభైకే తలుపు ముందు నిలబడతాడు. పక్కన నేను చలికి వణుకుతూ తిట్టుకుంటూ ఉంటాను.

అలాంటి మనిషి ఒంట్లోనే తప్పు దొరికింది. 2020 అక్టోబరులో పెద్దపేగులో గడ్డ అన్నారు, నవంబరులో కోసి తీశారు. కరోనా రోజులు కదా, ఆపరేషన్ నాడు కూడా నన్ను ఆసుపత్రి గేటు దాటనివ్వలేదు. జనవరి నుంచి కీమో మొదలైంది.

కీమోతో పాటే అన్నం పోయింది. పోపు వాసన తగిలితే చాలు, బావ బాత్రూంలోకి పరుగెత్తేవాడు. వాంతులకు మందులిచ్చారు, మార్చి ఇచ్చారు. వాంతులు కొంచెం తగ్గాయి గానీ ఆకలి మాత్రం తిరిగి రాలేదు. డెబ్బై ఒక్క కిలోల మనిషి ఫిబ్రవరి ఆఖరుకు యాభై రెండున్నరకు దిగాడు. డాక్టరమ్మ ఫోన్లో సూటిగా చెప్పింది: యాభై రెండు కంటే తగ్గితే తర్వాతి కీమో ఇవ్వను, శరీరం తట్టుకోదు అని. అప్పటికే ఒకసారి వాయిదా పడింది. వాయిదా సంగతి ఒంట్లో ఉన్న రోగానికి ఎవరు చెబుతారు, అది మా కోసం ఆగుతుందా? ఆ ప్రశ్న డాక్టరమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు.

నేను మామూలుగానే ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఆ నెలల్లో మరీ కాలుకాలిన పిల్లిలా తిరిగాను. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో బావ పడుకుని ఉండేవాడు, రెండో గదిలో మూడో క్లాసు చదివే మా ఈషా ట్యాబ్ ముందు బడి నడిపేది. మిగిలింది వంటిల్లు. అందులో వండకుండా తిరగడం నా పనైంది.

అప్పుడు డాక్టరమ్మ ఆకలి పుట్టడానికి ద్రొనబినోల్ అనే చుక్కల మందు రాసింది. ఇన్సూరెన్సు వాళ్ల అనుమతి ఉత్తరం వచ్చాకే రాసింది. చీటీ కూడా మామూలుది కాదు, పసుపుపచ్చది, వారంలోగా మందు తీసుకోకపోతే చెల్లదు. చుక్కలను మందుల షాపు వాళ్లే తయారుచేయాలి. మార్చి మొదటి గురువారం ఇద్దరం వెళ్లి తెచ్చుకున్నాం.

షాపులో ఫ్రావ్ ఫోగ్ట్ అనే పెద్దావిడ అద్దం వెనకనుంచి మెల్లగా, మా జర్మన్‌కు తగ్గట్టు చెప్పింది. రోజుకు రెండుసార్లు, మూడేసి చుక్కలు, భోజనానికి గంట ముందు. చిన్న రొట్టె ముక్క మీద లెక్కపెట్టి వేసి, మొత్తం మింగాలి. పని చేయడానికి గంట పట్టొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు, ఇంకా ఆకలి రాలేదని మళ్లీ వేసుకోకూడదు. తల తిరగొచ్చు, గుండె దడదడలాడొచ్చు, మంచం మీదనుంచి నిదానంగా లేవాలి. కారు నడపకూడదు, మద్యం ముట్టకూడదు, డాక్టరును అడగకుండా నిద్రమాత్రలు వేసుకోకూడదు. పాప చేతికి అందకుండా తాళం వేసి పెట్టాలి. బావ అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఇంతకూ ఇది దేనితో చేస్తారని చివర్లో అడిగాడు. ఆమె ఉప్పు పేరు చెప్పినంత మామూలుగా, "కన్నాబిస్" అంది. బావ పెన్ను ఆగిపోయింది.

రోడ్డు మీదికి వచ్చాక మొదలుపెట్టాడు.

"అంటే గంజాయే గదనే!"

"మందు, బావా."

"మా నాయిన జిందగంత గంజాయి కేసులే రాసిండు. ఇప్పుడు నేను ఇంట్ల పెట్టుకొని తాళమెయ్యాల్నా? రేపు నీడర్‌లాస్సుంగ్‌కు అప్లై చేస్తె ఇదంత అడ్డం రాదా?"

నీడర్‌లాస్సుంగ్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి. కడుపులోకి మెతుకు దిగని మనిషికి ఆ అనుమతి మీద బెంగ! నాకు ఒళ్లు మండిపోయింది.

"డాక్టరు రాసింది, ఇన్సూరెన్సు ఒప్పుకున్నది. దొంగతనంగ తాగుతున్నవా? ముందుగాల ఉంటె గద, తర్వాత శాశ్వతంగ ఉండేది!" అని అక్కడే అరిచాను. మాస్కులోంచి అరిస్తే కళ్లద్దాలకు ఆవిరి పట్టింది, కోపం కూడా సరిగ్గా చూపించలేకపోయాను.

బావ ఇంటికొచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఇది చట్టప్రకారం ఇచ్చే మందే, చీటీ నకలు పర్సులో ఉంచుకోండి అని ఆమె చెప్పింది. కాగితం ఉందంటే బావకు ధైర్యం వస్తుంది. ఆ సాయంత్రమే మొదలుపెట్టాం.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. చెడగొట్టింది నేను.

మొదటి రోజు రొట్టె ముక్క గొంతులోనే తిరగబడింది, మందుతో సహా కక్కేశాడు. రొట్టె దిగకపోతే ఏం చేయాలని షాపుకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. మనకు తెలియని వైద్యమా? శుక్రవారం పొద్దున రాగి జావ కాచి, మజ్జిగ పోసి, చుక్కలు అందులో వేసి కలిపి ఇచ్చాను. బావ సగం తాగి, చాలని గ్లాసు పక్కకు జరిపాడు. వాంతి కాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మిగిలిన సగం? తాగేశాను. పతిభక్తి అనుకోకండి, నాకంత భక్తి లేదు. మా అమ్మ అంతే, అత్తమ్మా అంతే. మొగుడు మిగిల్చింది, పిల్లలు వదిలేసింది ఆడదాని కడుపులోకే వెళ్తుంది, పారబోయడానికి చేయి రాదు. గ్లాసు గోడలకు అంటుకున్నది కూడా నీళ్లు పోసి తిప్పి తాగేసేదాన్ని. రోజుకు రెండు పూటలా, ఆరు రోజులు.

బావ నోట్‌బుక్‌లో గీతలు గీసి రోజూ రాసేవాడు. తేదీ, చుక్కలు, తిన్నది, బరువు. తిన్నది అనే గడిలో అరటిపండు ముక్క దాటి ఏమీ ఎక్కడం లేదు. నాకు మాత్రం ఎక్కడ లేని ఆకలి. ఫ్రిజ్ ముందు నిలబడే చల్లటి పెరుగన్నం తినేదాన్ని, ఈషా బిస్కెట్లు దాచుకుంటే వెతికి మరీ తినేదాన్ని. పొద్దున పదకొండింటికే కళ్లు మూతలు పడేవి. ఓసారి సోఫాలోంచి లేవగానే కళ్లు చీకట్లు కమ్మి మళ్లీ కూలబడ్డాను. కరోనా ఏమోనని టెస్టు చేయించుకుంటే లేదన్నారు. అయితే దిగులే అయి ఉంటుందనుకున్నాను. మొగుడు ఎండిపోతుంటే ఇలా మేస్తున్నానేమిటని సిగ్గుపడి, ఆ సిగ్గులో ఇంకో బ్రెడ్డు తిన్నాను.

బుధవారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. మందు ఏమీ పనిచేయడం లేదని బావ చెప్పాడు. అయితే ఐదేసి చుక్కలు వేసుకోండి, సోమవారం వచ్చి బరువు చూపించండి అంది.

మర్నాడు పొద్దున జావలో ఐదు చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత రక్తపరీక్షకు బయల్దేరాం. మందు వేసుకున్న మనిషి నడపకూడదు కదా, అందుకని కారు నేను నడిపాను. ఆ జాగ్రత్తకు ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంట్లో ఒంటరిగా వదలలేక ఈషాను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాం.

సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడితే ఆగాను. దీపం ఎంత అందంగా ఉందో అని చూస్తూ ఉండిపోయాను. పచ్చది వచ్చింది, పోయింది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"ఆండాళూ, పో!" అన్నాడు బావ.

"పోతనే ఉన్న" అన్నాను. కారు అంగుళం కదలలేదు.

మళ్లీ పచ్చది వచ్చాక బావ ఒక్కో మాటా చెబుతూ బండిని పక్కనున్న బస్టాపు దగ్గర ఆపించాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు. నా గుండె దడదడలాడుతోంది. బావ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి నోట్‌బుక్ తీశాడు. ఆఫీసులో కూడా ఇలాగే ఉంటాడేమో, మొహంలో ఏమీ కనిపించలేదు.

"పొద్దుగాల సంది ఏం తిన్నవ్?"

"ఇడ్లీలు ఆరు, రెండు బ్రెడ్లు, ఈషా ఇడిచిపెట్టిన పాలు."

"ఎన్ని దినాల సంది ఇట్ల?"

"శుక్రవారం సంది."

"చుక్కలు జావల కలుపుడు మొదలువెట్టింది గూడ శుక్రవారమే." పెన్ను ఆ గడి మీద పెట్టి నావైపు చూశాడు. "నాకు రావాల్సిన ఆకలి నీకెందుకొస్తున్నదే? నేను ఇడిచిపెట్టిన జావ ఏం జేస్తున్నవ్?"

"తాగుతున్న. పారబోస్తనా?"

ఆ మాట అంటూనే నాకు అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఈషా వైపు తిరిగాను. ఒక్కోసారి ఆ గ్లాసు పొయ్యి పక్కన పదేసి నిమిషాలు పెట్టి వదిలేసేదాన్ని.

"బిడ్డా, డాడీ గ్లాసులది నువ్వేమన్న తాగినవా?"

"నైన్. దస్ ష్టింక్ట్" అంది ట్యాబ్‌లోంచి తలెత్తకుండా. లేదు, కంపు కొడుతుంది అని. నాకు చాలలేదు. భుజాలు పట్టుకుని మళ్లీ అడిగాను, మూడోసారి కూడా అడిగాను. పిల్ల బెదిరి ఏడ్చింది, దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను. రాగి జావ తాగవేమే అని దాన్ని ఎన్నిసార్లు తిట్టానో, దాని మొండితనానికి ఆ రోజు దండం పెట్టుకున్నాను.

బావ బెంచీ మీదనుంచే ఫ్రావ్ ఫోగ్ట్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఊపిరి బాగానే ఆడుతోందా, ఛాతీలో నొప్పి ఉందా అని నన్ను అడిగింది. నొప్పి వచ్చినా, స్పృహ తప్పేలా ఉన్నా వెంటనే 112కు ఫోన్ చేయమంది. మీ డాక్టరు చూసేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దంది. తర్వాత జావ సంగతి చెప్పింది. మందు నూనెలో ఉంటుంది, జావలో కలవదు, పైకి తేలి గ్లాసుకు అంటుకుంటుంది. ఎవరికి ఎంత పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రొట్టె దిగకపోతే చెంచాలో కాస్త పంచదార మీద చుక్కలు వేసి మింగొచ్చు. అన్నిటికంటే ముందు డాక్టరుకు చెప్పండి, ఆమె ఐదుకు పెంచింది తప్పుడు కబురు విని, అంది.

బావ అప్పుడే డాక్టరమ్మకు చెప్పాడు. మళ్లీ మూడేసి చుక్కలకే దించింది. పరీక్షకు టాక్సీలో వెళ్లొచ్చాం. పక్కింటి కమలాకర్ వెళ్లి సాయంత్రం కారును మా ఇంటికి చేర్చాడు. మర్నాడు మా ఫ్యామిలీ డాక్టరు నన్ను చూసి, పరవాలేదు, రెండు రోజులు విశ్రాంతి తీసుకో అన్నాడు. విశ్రాంతా, నేనా!

సోమవారం బావ లోపలికి వెళ్లాడు, నేను ఆసుపత్రి బయట తిరిగాను. అరగంటకే వచ్చేశాడు. యాభై ఒకటీ ఆరు వందలు. కీమో వారం వాయిదా.

"నీ వారం నేను తాగేసిన బావా" అన్నాను. నలుగురూ చూస్తున్నారని కూడా లేదు, గట్టిగా ఏడ్చాను.

"తప్పు దొరికింది గదనే" అన్నాడు బావ. "దొరకనిదానికి భయపడాలె. నడువు, చుక్కల టైమైతున్నది."

ఆ వారమంతా రెండు పూటలా నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బావే తాళం తీసి, చెంచా మీద మూడు లెక్కపెట్టుకుని, మింగి, చెంచా నాకు చూపించేవాడు. లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చునేవాడు. మొదటి రెండు రోజులు తల తిరుగుడు తప్ప ఏమీ లేదు. నేను గడియారం చూస్తూ ఇల్లంతా కొలిచాను. మూడో రోజు మధ్యాహ్నం గదిలోంచి గొంతు వినిపించింది.

"ఏం వండుతున్నవ్?"

"ఏం లేదు బావా."

"ఏదన్న వండరాదు."

పెసరపప్పు, మెత్తటి అన్నం, పోపు లేకుండా చేశాను. ఎనిమిది ముద్దలు తిన్నాడు. తొమ్మిదోది కలిపి వదిలేశాడు. అందులో మందు లేదని నాకు తెలుసు. అయినా చెత్తబుట్టలో వేశాను, వేస్తుంటే చేయి రాలేదు. నిజానికి ఆ వారం నాకు నా తిండే భయమైంది. కడుపులో కొంచెం ఆకలి కదిలితే చాలు, ఇది నాదేనా అని అనుమానం వచ్చి, నీళ్లు తాగి ఊరుకునేదాన్ని.

మళ్లీ సోమవారం వచ్చింది. బావ తొమ్మిదీ నలభైకి లోపలికి వెళ్లాడు. నేను పార్కింగ్ చుట్టూ తిరిగాను. అరగంట దాటింది, మనిషి రాలేదు. ముప్పావుగంట దాటింది. గేటు దగ్గరున్న సెక్యూరిటీ అతనితో ఊరికే గొడవ పెట్టుకున్నాను, పాపం అతను ఏమీ అనలేదు. పదిన్నరకు ఫోన్ మోగింది. బావ మెసేజ్.

"52.3. కీమో సూది పెట్టిన్రు. మూడు గంటలు పడ్తది. నువ్వేమన్న తిను."

రెండుసార్లు చదివాను. అప్పుడు తెలిసింది, కడుపు కాలిపోతోంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ముందురోజు కూడా సరిగా తినలేదు. ఎదురుగా ఉన్న బేకరీకి వెళ్లి బ్రెట్సెల్ అనే ఉప్పు రొట్టె కొన్నాను. గోడకానుకుని, మాస్కు గడ్డం కిందికి లాగి, ఏడుస్తూనే మొత్తం తిన్నాను. సరిపోలేదు. లోపలికెళ్లి ఇంకోటి అడిగాను. ఈ ఆకలి నాదే.