అప్ప గిడుగు తీసింది నేనే

నా పేరు పైడమ్మ. డెబ్భై దాటాయి. కొయ్యూరు కొండదిగువన మెట్టిన ఊరు. ఇప్పుడు నర్సీపట్నంలో కూతురింట్లో ఉంటున్నాను. నాకు అక్షరం రాదు, మనవరాలు రాస్తోంది. నేను అప్పా అని పిలిచే మా పెద్ద తోటికోడలు పోయిన నెల కన్నుమూసింది. పెద్దకర్మ మర్నాడు ఆమె గిడుగు గోడ మీద లేదు. దొంగతనమని ఆమె కొడుకు ఊరంతా చెబుతున్నాడు. తీసింది నేనే. ఎందుకో వినండి.

గిడుగంటే వెదురు పేళ్ల అల్లికలో అడ్డాకులు పరిచి చేసే వానటోపీ. వంగి నాట్లు వేస్తుంటే వీపంతా కప్పుతుంది. మా ఊళ్లో అప్ప అల్లినట్టు ఎవరూ అల్లలేదు.

కాపురానికొచ్చిన ఏడు, ముసురులో, చూరుకున్న గిడుగు పెట్టుకుని మడిలో దిగాను. అది అప్పది. కళ్ల మీదికి జారిపోయింది. నారు తీసుకెళ్లి ఆమె పాదం మీదే గుచ్చాను.

“ఏటే పిల్లా, మడిలో నాటమంటే నా కాల్లో నాటుతున్నావేటి? తియ్యి. ఒకరి గిడుగు ఇంకొకరు ఎట్టుకోకూడదు.”

మడంతా నవ్వు. నాకు ఏడుపు. ఆ సాయంత్రమే వెదురు పేడుతో నా తల కొలిచింది. “బుర్ర సిన్నదే, పొగరే పెద్దది. బేగి అల్లేత్తానులే,” అంది. మూడోనాటికి నా గిడుగు నా తల మీద కూర్చుంది. ఆ ఇంటి మనిషినయ్యానని అప్పుడే తెలిసింది.

మనిషి పోతే ఆమె గిడుగు ఇంట్లో ఉంచం. ఆమె నాటిన మడిగట్టు మీద కర్రకు తగిలిస్తాం. వానకు కుళ్లి రాలేదాకా అక్కడే. “గోడకి తగిలిత్తే వచ్చి మొట్టికాయ ఎడతాను, సూసుకో,” అనేది అప్ప.

కొడుకు దానికి వార్నిష్ పూసి, లోపల బల్బు పెట్టి హాల్లో తగిలించాడు.

“అమ్మ గుర్తు పిన్నీ. వానలో ఒగ్గేత్తే ఏటి మిగుల్తాది?” అన్నాడు. వాడూ ఏడుస్తున్నాడు. పెద్దకర్మ రాత్రి అందరూ పడుకున్నాక గిడుగును గోడ మీంచి దించి, అప్ప నాటిన మడికి మోసుకెళ్లాను. 

గట్టు మీద తగిలించాక వాన పడింది. వార్నిష్ మీంచి నీళ్లు జారిపోయాయి. దించి, కొడవలితో గీకాను. వేళ్లు కోసుకుపోయాయి. మళ్లీ తగిలించాను. ఈసారి ఆకు తడిసింది.

తిరిగి ఇమ్మంటే ఇవ్వను. నా గిడుగు మంచం కింద ఉంది. నేను పోయాక దాన్నీ గట్టుకు మోయాల్సింది వాడే, నాకు కొడుకుల్లేరు.

నిన్న వెళ్లి చూశాను. చుట్టూ బురద. గిడుగు కింద మాత్రం, వంగిన మనిషి వీపంత, నేల పొడిగా ఉంది.

పైడమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: మనవరాలు దేవి, గట్టు పక్క మడి రైతు సన్నిబాబు. మూడో పేరుకు చోటు వదిలాం. అది అప్ప కొడుకుది.