వాన హోమానికి ముందు కాశిమేడు గాలి

పోయిన ఆదివారం చింతాద్రిపేట భజన మందిరంలో బల్ల గుద్ది మరీ చెప్పాను: "మేఘానికి యజ్ఞం తప్ప వేరే పుట్టుక లేదు. కాదనేవాళ్లు లేవండి!" రిటైరైన కెమిస్ట్రీ టీచరు సుశీలమ్మ లేచింది. సముద్రంలో కంటికి ఆనని మొక్కలు ఒక వాయువు విడుస్తాయట. అది గాలిలో సన్నటి రేణువులైతే, వాటిని పట్టుకుని ఆవిరి చినుకవుతుందట. ఈ ఆదివారం సాయంత్రం అక్కడే వాన కోసం హోమం, ప్రసంగం నాది. ఆ మాట మళ్లీ అనాలా, మింగాలా? ఆ వాయువు ఉండే సముద్రపు గాలి వాసన చూసి తేల్చుకుందామని ఆవిడతోనే చేపల రేవు కాశిమేడుకు బయల్దేరాను.

హోమం రోజు పొద్దున పదిన్నరకు బస్సెక్కి జార్జి టౌన్‌లో దిగి షేర్ ఆటో పట్టాం, మనిషికి ఇరవై రూపాయలు. హార్బరులో అడుగు పెట్టగానే ఘాటు వాసన ముక్కు పగలగొట్టింది. సంచిలోంచి నేను పారాయణం చేసే గ్రంథం తీసి కళ్లకద్దుకుని, "ఇదే మేఘబీజం! సముద్రుడి ఆహుతి!" అని ఎలుగెత్తాను. వల బాగుచేసుకుంటున్న కన్నయ్య అనే జాలరి పగలబడి నవ్వాడు.

"అయ్యో సామీ, అది కరువాడు! చేపలు ఎండేసిండాము గదా, దానికా దండం పెడతా ఉండారు? సముద్రం గాలి కావాలంటే ఆడ, రాళ్ల కొసకి పోండి."

రాళ్ల కొసన ఎండుచేపల కంపు పలచబడి, ఉడికిన క్యాబేజీ లాంటి వాసన తగిలింది. "మీరన్న వాయువు ఇదేనా?" అని సుశీలమ్మను అడిగాను.

"ఇందులో అదీ ఉంటుంది. నురగలోంచి లేచే ఉప్పూ మబ్బుకు పనికొస్తుంది. తెల్లమబ్బు ఎండను వెనక్కి తిప్పి భూమిని చల్లబరుస్తుంది."

"మరి నా హోమం పొగ?"

"పొగ రేణువులకూ ఆవిరి పట్టుకుంటుంది సామీ. ఎక్కువైతే మాత్రం చినుకులు మరీ చిన్నవై కురవకపోవచ్చు." ఉత్తరాన మనలి ఫ్యాక్టరీల పొగగొట్టాలు చూపించింది.

నాకు తల తిరిగింది. పొగ వానను తెస్తుందా, ఆపుతుందా? "సముద్రం వేడెక్కితే ఆ మొక్కలు వాయువు ఎక్కువ విడుస్తాయా, తక్కువా?"

"ఇంకా తేలలేదు."

"అంత చదువు చదివీ తేలలేదా!"

"మీరు ఇన్నేళ్లు చెప్పారుగా, మీకు తేలిందా?"

తిరుగు బస్సులో గ్రంథం మళ్లీ మళ్లీ తిప్పాను. యజ్ఞం వల్ల వాన అని ఉంది. వేరే దారి లేదని ఎక్కడా లేదు.

ఆరింటికి నేతి గరిటె పట్టుకుని హోమగుండం ముందు నిలబడ్డాను. "వేరే పుట్టుక లేదన్నది నా మాట, గ్రంథానిది కాదు. మేఘం ఎలా పుడుతుందో నాకు పూర్తిగా తెలియదు," అన్నాను. వెనకనుంచి ఎవరో, "అయితే నెయ్యి పోయాలా, వద్దా సామీ?" అన్నారు. సుశీలమ్మ లేచొచ్చి, "పోయండి, పొగ ఎక్కువ కాకుండా," అంటూ నా చేతిలోని గరిటె తీసుకుని చిన్న చెంచా పెట్టింది.

మంత్రం, పురోహితుడు లేకుండా సముద్రం ఇచ్చేదాన్ని యజ్ఞమనవచ్చా? ఇప్పటికీ తెలియదు. తెలియదన్నందుకు జనం లేచిపోలేదు, అదొక్కటే నాకు అర్థమైంది. మీరు కాశిమేడు వెళితే సముద్రపు గాలి ఒడ్డుకు తిరిగే మధ్యాహ్నమే వెళ్లండి. చేపలు ఎండేసే చోటు దాటేదాకా ఏ నిర్ణయానికీ రాకండి.