చేతికివ్వని తట్ట

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే ముందు డాక్టరుకు చూపించమనే మనిషిని నేను. కోరుట్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. మా వీధిలో ఎవరైనా జ్వరానికి తాయత్తు కట్టించుకొస్తే తిట్టి మరీ ఆస్పత్రికి తోలేదాన్ని. నాకు నోటి దురుసెక్కువని మా వాళ్లంటారు. ఆ మాట నిజమే. ఈ సంగతి కూడా ఆ నోటి దురుసుతోనే మొదలైంది.

ముందు మా అన్న గురించి చెప్పాలి. మాది నేత కుటుంబం. అన్న సిరిసిల్లలో సాంచాల మీద, అంటే పవర్‌లూముల మీద పనిచేసేవాడు. ఒకనాడు షిఫ్టు దిగినవాడు గదికి రాలేదు. నక్సలైట్లలో కలిశాడని కొందరన్నారు, పోలీసులు పట్టుకుపోయారని కొందరన్నారు. ఏ మాటకూ సాక్ష్యం లేదు. అలాగే ఏళ్లు గడిచిపోయాయి.

చుట్టాలు మెల్లగా దినాలు చెయ్యాలనడం మొదలుపెట్టారు. అమ్మ వినలేదు. "నా కొడుకు బతికే ఉన్నడు. బతికున్నోనికి పిండం పెట్టుమంటరా?" అని ఇంటికొచ్చిన వాళ్ల మీద విరుచుకుపడేది. నేనూ అమ్మ వైపే. ఆశ ఉండి కాదు, రుజువు లేని మాట నాకు గొంతు దిగదు.

ఆఖరికి ఒక శనివారం అమ్మే నన్ను సిరిసిల్లకు పంపింది. అన్నతో పనిచేసిన వాళ్లలో ఎవరైనా ఏమైనా చూశారేమో అడిగి రమ్మంది. చిన్ననాటి స్నేహితురాలు విజయ అక్కడ ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆమె గదిలో దిగి, పగలంతా సాంచాల షెడ్లు తిరిగాను. ఎవరూ నోరు విప్పలేదు. అన్న పేరెత్తగానే సాంచాల చప్పుడు వాళ్లకు బాగా పనికొచ్చింది. "ఇనవడ్తలేదు" అని మొహం తిప్పుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల తప్పు కాదని తెలిసినా మండింది.

మరునాడు ఆదివారం. విజయ వాళ్ల ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి శ్రమదానం పెట్టాడు. ఆఫీసు వెనక జాగా అంతా ఉద్యోగులే శుభ్రం చెయ్యాలన్నాడు. "ఒక్కదానివి గదిల కూసోని ఏడ్సుడెందుకే, నాతోని రా. చుట్టం లెక్క కూసో, పని ముట్టకు" అంది విజయ. చుట్టపు చూపుగా వెళ్లిన నన్ను పోయీపోగానే వరసలో నిలబెట్టారు.

వెనక ఒక పాత స్టోరు గది ఉంది. దాని చుట్టూ ఏళ్ల తరబడి పడేసిన పెంకులు, సున్నం, మట్టి. కొందరు పారలతో తట్టలు నింపుతుంటే, మిగతావాళ్లం వరసగా నిలబడి గేటు దగ్గరి ట్రాక్టరు దాకా చేతులు మారుస్తున్నాం. వరస స్టోరు గది మూల తిరిగి వస్తుంది. మూలకు అవతల విజయ, ఇవతల నేను. గోడ అడ్డం వల్ల ఆమె నాకు కనపడదు. సరిగ్గా మూల మీద, మా ఇద్దరి మధ్య, ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

మొహానికి తువ్వాల చుట్టుకున్నాడు. దుమ్ముకు అందరం అలాగే చుట్టుకున్నాం కాబట్టి అందులో వింతేమీ లేదు. మోచేతుల దాకా దూది పీచు అంటుకుని ఉంది. రాత్రి షిఫ్టు దిగిన సాంచాల మనిషినెవరినో కూలికి పిలిచారనుకున్నాను.

ఆ మనిషి తట్ట చేతికివ్వడు. తెచ్చి నా కాళ్ల దగ్గర పెడతాడు. ప్రతి తట్టకూ నేను వంగి ఎత్తుకోవాలి. నా అవతలి ఉద్యోగి "జల్ది జల్ది" అని ప్రాణం తీస్తున్నాడు. నడుము పట్టేసింది. ముందు రోజు కోపం ఎటూ లోపల ఉండనే ఉంది.

"చేతికియ్యి అన్నా" అన్నాను. మళ్లీ కిందే పెట్టాడు. ఈసారి గట్టిగా అరిచాను. "చెవులు ఇనవడయా? చేతికియ్యి అన్నా!"

ఆయన తలెత్తకుండానే, తువ్వాల లోంచి మెల్లగా అన్నాడు. "చేతికియ్యద్దు చెల్లె."

కసిరినట్టు అనలేదు, బతిమాలినట్టూ అనలేదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ తర్వాత వంగి ఎత్తుకుంటూనే ఉన్నాను. ఆ గొంతు ఎవరిదని అప్పుడు నాకు తట్టనే లేదు. తువ్వాల అడ్డముంది కదా, మా అన్న గొంతేనని ఇప్పుడు కూడా ఒట్టేసి చెప్పలేను.

చాయ్ వచ్చేసరికి పని ఆగింది. అందరూ ఒక దగ్గర చేరారు గానీ చాయ్ మానేసి నన్నే చూస్తున్నారు. వేరే జిల్లా నుంచి వచ్చిన అధికారి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరండీ ఆ అన్న? ఏమిటి మీ చేతికిమ్మంటున్నారు?"

అప్పుడు గాని నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. మా వైపు ఎవరినైనా అన్నా అనే పిలుస్తాం. కానీ ఆ రోజుల్లో, సిరిసిల్లలో, సర్కారు ఆఫీసు ఆవరణలో ఆ మాట అరిస్తే దానికి ఒకటే అర్థం, నక్సలైటని. నా కేక విని ఒకాయన తట్ట వదిలేసి గోడ చాటుకు పోయాడట.

"మూల మీద ఉన్నాయన్నే అన్నాను సార్" అన్నాను.

విజయ మొహం పాలిపోయింది. "మూల మీద ఎవలున్నరే? నా చెయ్యి నీ దాంక అందకపాయె. నేనే తట్టలు మూల మీద పెట్టుకుంటొచ్చిన."

వెళ్లి చూశాను. ఒకపక్క స్టోరు గది గోడ, ఇంకోపక్క ప్రహరీ. ఆ మూల నుంచి మనిషి బయటికి రావాలంటే విజయను దాటాలి, లేదా నన్ను దాటాలి. ఆమె ఎవరినీ చూడలేదంది. నన్ను ఎవరూ దాటలేదు.

ముందు రోజంతా దూది అంటిన చేతులనే చూస్తూ తిరిగాను కదా, అలసిన కళ్లు అదే చూపించాయని నాకు నేను చెప్పుకున్నాను. జగిత్యాలలో బస్సు మారేటప్పటికి దాదాపు నమ్మేశాను కూడా. అమ్మకు చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ఇంటికి చేరేసరికి అమ్మ బీడీలు చుడుతోంది. "ఏమన్న తెలిసెనా?" అని అడిగింది. ఎవరూ ఏమీ చెప్పలేదని చెప్పాను. ఆ మొహం చూడలేక, కాస్త నవ్విద్దామని, అన్నా అని అరిచి ఆఫీసునంతా బెదరగొట్టిన సంగతి చెప్పాను. గోడ చాటుకు పోయినాయన గురించి విని అమ్మ నిజంగానే నవ్వింది. చాలా రోజులైంది ఆమె నవ్వి. ఆ సంబరంలో మిగతాదీ చెప్పేశాను, దూది పీచుతో సహా.

"చేతికెందుకియ్యలేదట?" అంది.

"ఏమో. చేతికియ్యద్దు చెల్లె అన్నడు."

అమ్మ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది. "సావైన ఇంట్ల ఏదన్న చేతికిస్తరా బిడ్డా? కింద పెడితేనే గదా తీసుకుంటరు."

ఎంత వాదించానో. తట్టలు పెట్టింది విజయేనన్నాను, నా కళ్లే మోసం చేశాయన్నాను. అమ్మ ఏడవలేదు. మరునాడు తానే చుట్టాలకు కబురు పెట్టింది. శవం లేకుండానే దినాలు చేశాం. ఆ తర్వాత పోయేదాకా ఆమె అన్న పేరెత్తలేదు.

అన్న చనిపోయాడని ఎవరూ కబురు తేలేదు, బతికున్నాడనీ తేలేదు. తర్వాతి ఏళ్లలో లొంగిపోయిన వాళ్ల ఫొటోలు పేపర్లో పడ్డప్పుడల్లా ఒక్కొక్క మొహమే చూసేదాన్ని. ఏదో ఒకనాడు ఆయన గుమ్మంలోకి వస్తే ఏం చెప్పాలి? నీ చెల్లెలి మాట పట్టుకునే అమ్మ నీకు పిండం పెట్టించిందని చెప్పాలా?

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ మూల మీద నిలబడ్డది ఎవరో నాకు తెలియదు. కానీ అది చనిపోయిన మా అన్నే అయి ఉండాలని రోజూ కోరుకుంటాను. తోడబుట్టినవాడి గురించి అలా కోరుకునే చెల్లెలు ఇంకెక్కడైనా ఉంటుందా?