జెట్ విమానానికి నా వెంట్రుక

ఆ విమానం మీది ఏరియల్ తీగ నా తలవెంట్రుక. ఈ సంగతి ఇప్పటిదాకా డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో (అంటే నాలుగేళ్ల క్రితమే, పెద్దవాళ్లలా అనడం సరదా) ఆమదాలవలసలో ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ చూసేదాన్ని. లైబ్రరీ అంటే రెండు బీరువాలు, వాటి తాళాలు కరస్పాండెంటు గారి జేబులో. నాది ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. పర్మనెంటు చేస్తారా, ఇంటికి పంపేస్తారా అన్నది ఆ నెలాఖరున తేలాలి. సరిగ్గా అప్పుడే వార్షికోత్సవానికి వాయుసేనలో రిటైరైన ఒక పెద్దాయన వస్తారని తెలిసింది. కరస్పాండెంటు గారు ప్లాస్టిక్ ముక్కల పెట్టె ఒకటి తెప్పించి, బొమ్మ యుద్ధవిమానం అతికించే పని నాకు అప్పగించారు (నా వేళ్లు సన్నగా ఉన్నాయట).

అతికించి, రంగులేసి చూపించాను. ఆయన దాని చుట్టూ తిరిగి, "ఏరియల్ ఏదమ్మా? తీగ నేకపోతే పైలట్ ఏటి వింటాడు, పాటలా?" అన్నారు. రేడియో కోసం తోకదాకా లాగే ఏరియల్ తీగలు పాతకాలం పంకా విమానాలకేననీ, ఈ జెట్‌కి ఉండవనీ నేను చదివాను. పేజీ కూడా గుర్తుంది.

"అలాగే సార్" అన్నాను.

దారం లావైపోయింది. ఇత్తడి తీగ కడితే బట్టలారేసుకునేలా ఉంది. చివరికి జడలోంచి ఒక వెంట్రుక లాగాను. గమ్ పెడితే జారిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ జారింది. చిన్నపిల్లల్ని చూసుకునే ఆయమ్మ పక్కనే నిలబడి నవ్వింది. "పొద్దున్నే తలకి అంత కొబ్బరినూని రాసుకుంటే ఏటి అంటుకుంటాదమ్మా? సబ్బెట్టి కడుగు." ఒక్క వెంట్రుకకి తలంటు పోశాను. అంటుకుంది.

వార్షికోత్సవం నాడు పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఇంత సన్నటి తీగ ఎవరు కట్టారండీ?" అన్నారు.

"నేనే, దగ్గరుండి," అన్నారు కరస్పాండెంటు గారు మీసం దువ్వుకుంటూ.

"చక్కగా ఉంది. కానీ ఈ రకం విమానానికి ఆ తీగ ఉండదు."

మీసం మీది చెయ్యి నేరుగా నావైపు తిరిగింది. "ఈ పిల్లేనండి. సెప్తే ఇనదు."

ఎన్నో వీరుల కథలు చదివినదాన్ని, తీరా "సారీ సార్" అన్నాను. పెద్దాయన నన్ను జాలిగా చూసి పకోడీల బల్ల వైపు వెళ్లిపోయారు.

ఇక ఉద్యోగం పోయినట్టేనని రెండు పెన్నులూ టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే ఆఫీసు గదికి రమ్మని కబురొచ్చింది. కరస్పాండెంటు గారు పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చారు. అప్పుడు ఎంత పొంగిపోయానో తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పటి నన్ను, ఆ పిల్లని, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు నేర్పాలనీ ఉంటుంది. ఆయన మాత్రం ఎంతో ప్రేమగా అన్నారు:

"నీలాంటోళ్లే కావాలమ్మా మన స్కూలుకి. తప్పు నేను సేసినా, సారీ నువ్వు సెప్తావు."