చెప్పులున్న వైపు

కుట్టు కర్మాగారం మూడో అంతస్తులో కాజాల మిషను మీద కూర్చునే ఆవిడని అందరూ కీడెంచక్క అనేవారు. కీడెంచి మేలెంచాలంటారు గదా, ఈవిడ కీడు దగ్గరే ఆగిపోయిందని ఇస్త్రీ మేస్త్రి వేళాకోళం. ఆవిడ నవ్వి ఊరుకునేది.

తెల్లబట్ట కుట్టే చోటు కాబట్టి లోపల అందరివీ ఉత్త కాళ్ళే. చెప్పులు ముందు తలుపు పక్కన అరల్లో ఉంటాయి. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం కరెంటు పోయి హాలు చీకటైంది. మిషన్లన్నీ ఊపిరి బిగబట్టినట్టు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆవిడకి పాదాల చప్పుడు వినిపించింది. ఎవరూ చెప్పకుండానే, నీళ్ళు పల్లానికి జారినట్టు, అన్ని పాదాలూ చెప్పులున్న వైపే పోతున్నాయి. వెనక మెట్ల వైపు ఒక్క అడుగూ పడలేదు. కరెంటు వచ్చాక అందరూ నవ్వుకున్నారు. ఆవిడ చెవిలో మాత్రం ఆ చప్పుడు మిగిలిపోయింది.

అప్పట్నుంచి పని దిగగానే ఆవిడ వెనక మెట్ల మీద అడ్డంగా పేర్చిన పెట్టెల్ని తనే గోడవారకు జరిపేది. కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ కిందికి దిగేది. చుట్టూ తిరిగి వచ్చి, ముందు మెట్లెక్కి చెప్పులు తొడుక్కునేది. ఇంటికి దారి తెలియని మనిషిని ఈవిణ్ణే చూశానన్నాడు మేస్త్రి.

కూతురు కూడా అదే హాల్లో కాలర్లు కుట్టే పనిలో చేరింది. మొదటిరోజు పొద్దున్నే, జడ వేస్తూ, ఆవిడ చెప్పింది:

"పొగ వాసనొస్తే నా కోసం చూడకు. నేనూ నీ కోసం చూడను. ఎవరికి వాళ్ళం దిగిపోయి కింద కుళాయి దగ్గర కలుద్దాం."

"నువ్వసలు అమ్మవేనా?"

"అమ్మని కాబట్టే చెబుతున్నా."

పిల్ల సగం జడతోనే లేచి వెళ్ళిపోయింది. నిజానికి, మిషను తొక్కుతూ మనసులో ఆ మెట్లు దిగిన ప్రతిసారీ ఆవిడ కూడా మలుపు దగ్గర పిల్ల కోసం వెనక్కి తిరిగేది. మళ్ళీ మొదట్నుంచి దిగేది. మళ్ళీ తిరిగేది.

ముందు తలుపు పక్కనున్న ఇస్త్రీ గది నుంచి మాడిన వాసన ఎప్పుడూ వచ్చేదే. ఆ రోజు వచ్చింది బట్ట వాసన కాదు, వైరు కాలుతున్న వాసన. ఆవిడ తల ఎత్తేసరికి గది గుమ్మం మీద పొగ నల్లటి తెరలా జారుతోంది. వెనక మెట్లకి రమ్మని గొంతు చించుకుని అరిచింది. అటు కదిలినవాళ్ళు కొద్దిమందే. మిగతా పాదాలు ఎటు పోతున్నాయో చూడకుండానే తెలిసింది.

మలుపు దగ్గర మెడ తిరగబోయింది. ఆవిడ చెంపని గోడకి ఆనించి, అలాగే రాసుకుంటూ దిగింది.

కుళాయి దగ్గర కూతురు లేదు. పై కిటికీల్లోంచి పొగ కండె నుంచి ఊడిన దారంలా వస్తోంది. మసిబారిన మేస్త్రి దగ్గుతూ వచ్చి, పిల్లని పైన వదిలేసి ఎలా దిగావక్కా అన్నాడు. ఆవిడ కుళాయిని రెండు చేతులా పట్టుకుంది. పట్టు వదిలితే కాళ్ళు మెట్లవైపు పరిగెడతాయి.

అప్పుడు వెనక తలుపులోంచి నలుగురమ్మాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటపడ్డారు. చివరిది కూతురు.

"పైకొచ్చావా, నాకోసం?"

"రాలేదు."

పిల్ల చాలాసేపు దగ్గింది.

"నేను నీ మిషను దగ్గరికి వెళ్ళానమ్మా. కుర్చీ ఖాళీగా ఉంది. హమ్మయ్య, అమ్మ వెళ్ళిపోయింది అనుకున్నా. అప్పుడు గానీ నాకు కాళ్ళాడలేదు."

తను ఆ కుర్చీ దగ్గరే ఎదురుచూస్తూ ఉండి ఉంటే ఈ పిల్ల ఇంకా ఎంతసేపు నిలబడేదో ఆవిడ ఊహించబోయి మానేసింది. కూతురి మణికట్టు పట్టుకుని, అంత చెప్పినా వెనక్కెందుకు వెళ్ళావని తిట్టబోయింది. ఆ పట్టే ఇంకా బిగించింది.

ఇద్దరూ ఆ వెనక తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు. అందులోంచి పొగ వస్తోంది గానీ, ఇంకెవరూ రావడం లేదు.