గుట్ట మీద ఉన్నది మనవాళ్లే

పడవ ముందు తలుపు దించేసరికి ఉదయం ఆరున్నర. నడుంలోతు నీళ్లు, ఎముకలు కొరికే చలి. అలాస్కా అంచున చెట్టన్నది లేని దీవి. మ్యాపులో ఇసుక ఉంది. కాళ్ల కింద నాచు పట్టిన బండలున్నాయి. పొగమంచుకి డ్రోన్లు ఎగరలేదు. శత్రువు అక్కడ తిష్ఠ వేశాడని మమ్మల్ని దించారు. ఆ దీవికి మా మీద పగ ఉన్నట్టే అనిపించింది. నాకూ దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

నేను మా పటాలంలో మొదటి కంపెనీ రేడియో ఆపరేటర్ని, ట్రాయ్ అనే ఊళ్లో పెరిగిన తెలుగువాణ్ణి. రెండో కంపెనీ దీవికి అవతలి వైపు దిగింది. వాళ్ల రేడియో ఆపరేటర్ చాండ్లర్ అనే ఊళ్లో పుట్టిన తెలుగువాడు. ఓడలో ఇద్దరం కూర్చుని ఆఫీసర్లను తెలుగులో తిట్టేవాళ్లం, ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో. నన్ను అన్నా అని పిలిచేవాడు.

మాకిచ్చిన ఆర్డరు ఒకటే: మధ్యాహ్నం దాకా దీవి నడుమనున్న గుట్ట మీద కదిలినవాడు శత్రువే. రెండో కంపెనీ మధ్యాహ్నం తర్వాతే గుట్ట ఎక్కాలి. దారిలో అడ్డు లేకపోవడంతో పదింటికే ఎక్కేశారు. ఆ సంగతి చెబుదామంటే వాళ్ల దగ్గర కొత్త సంకేతపదం, మా దగ్గర నిన్నటిది. పైవాళ్ల నిర్వాకం అది. ఎవరికి వారే యమునా తీరే.

గుట్ట మీద నీడలు కదిలాయి. మా మెషిన్‌గన్ మోగింది. పైనుంచీ తూటాలు వచ్చాయి.

"ఆపండి! మేం రెండో కంపెనీ!" రేడియోలో చాండ్లర్ వాడు ఇంగ్లిష్‌లో అరిచాడు.

మా లెఫ్టినెంట్ సంకేతపదం అడిగాడు. కలవలేదు. "శత్రువుకీ ఇంగ్లిష్ వచ్చు. కాల్చండి," అన్నాడు.

అప్పుడు వాడు తెలుగులోకి మారాడు. "అన్నా, నేనే అన్నా! ఫైర్ ఆపమని చెప్పు! ఇక్కడ మా సార్జెంట్‌కి తగిలింది. ప్లీజ్ అన్నా!"

"సర్, వాడు మనవాడే. నా భాష మాట్లాడుతున్నాడు. ఆ గొంతు నాకు తెలుసు."

"ఏ భాషైతే నాకేంటి? సంకేతం చెప్పలేదు. నీ పని చూసుకో."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాను. లేచి వెళ్లి గన్ ముందు నిలబడ్డాను. గన్నర్ బూతులు తిడుతూ ట్రిగ్గర్ వదిలాడు. "వాణ్ణి పక్కకి లాగండి!" అని లెఫ్టినెంట్ అరిచాడు. ఎవరూ కదల్లేదు. కాసేపటికి పైన కూడా కాల్పులు ఆగాయి.

"ఆపేశాంరా. వినిపిస్తోందా?" అన్నాను. రేడియోలో గాలి హోరు వినిపించింది.

మంచు విడిపోయాక గుట్ట ఎక్కాం. శత్రువు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పొయ్యిల్లో బూడిద చల్లగా ఉంది. దీవంతా గాలిస్తే దొరికిన శవాలన్నీ మావాళ్లవే.

ట్రాయ్‌కి తిరిగొచ్చాను. ఒక పార్టీలో ఒక అంకుల్ బిర్యానీ వడ్డించుకుంటూ అడిగారు, "ఎంతమందిని లేపేశావ్ బాబూ?"

"మనవాళ్లనే అంకుల్," అన్నాను. జోకనుకుని నవ్వారు. ప్లేటు అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను.

ఆ రోజు మేం ఎక్కేసరికి చాండ్లర్ వాడు గుట్ట మీద బండకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. బొటనవేలు, మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే మైకు బటన్ మీదే బిగుసుకుపోయింది. నేను దాన్ని విడదీసేదాకా నా రేడియోలో ఆ గుట్ట మీది గాలి వీస్తూనే ఉంది.