గంగాధరం గారి మూడో పెట్టె

ప్రొఫెసర్ గంగాధరం గారికి ఒకటి అనే అంకె మీద నమ్మకం లేదు. రెండు మీద అనుమానం. ఏదైనా మూడుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టేది కాదు. కొత్త వస్తువు ఏది చేతికిచ్చినా ఎగాదిగా చూసి, "బాగానే ఉంది. ఇది పోతే?" అనేవారు.

వాన పడితే మూడు గొడుగులతో బయల్దేరేవారు. ఒకటి విప్పి, రెండు చంకలో పెట్టుకునేవారు. "ఏటండీ, అందులో ఒకటి నాకివ్వొచ్చు కదా?" అని భార్య వరహాలక్ష్మి అడిగితే, "అవి రిజర్వు" అనేవారు. మొగుడూ పెళ్లాలు ఒకే గొడుగు కింద చెరిసగం తడిసి ఇల్లు చేరేవారు. చంకలోవి రెండూ పొడిగా వచ్చేవి.

పెళ్లిలోనే ఆవిడకు సంగతి అర్థమైంది. పురోహితుడు మంగళసూత్రం అడిగితే పెళ్లికొడుకు జేబులోంచి ఒకటి, మేనమామ జేబులోంచి ఒకటి, అత్తయ్య కొంగులోంచి ఇంకొకటి వచ్చాయి. వరహాలక్ష్మి తండ్రి కంగారుపడిపోయి, "బాబూ, నాకున్నది ఒక్కతే కూతురు" అన్నాడు.

"తెలుసండీ. కానీ ఇది పోతే..."

పురోహితుడు రెండు చెవులూ మూసుకుని, ముహూర్తం రాకుండానే "వాయించండి! వాయించండి!" అని మేళగాళ్ల మీద కేకలేశాడు.

ఇంతకీ ఆయన ఉద్యోగమే అది. అనకాపల్లి బెల్లం వ్యాపారుల ఇంట పుట్టి, తక్కెడ వదిలేసి అణు ఇంజనీరింగు చదివారు. ఉత్తరాదిన ఒక యూనివర్సిటీలో రియాక్టర్ల భద్రత పాఠాలు చెప్పి, రిటైరయ్యాక భార్యతో సొంతూరు చేరారు. బజారులో అందరూ "బాంబుల ప్రొఫెసరు" అనేవారు. దేవరాపల్లిలో చెరకు పండించే చిన్ననాటి స్నేహితుడు ఎర్రయ్య ఓరోజు అడిగేశాడు.

"ఒరే గంగా, నువ్వు బాంబులు సేసేవోడివంట, నిజవేనా?"

"కాదురా. నీ బెల్లం పొయ్యిలో మంట తీసేసినా పెనంలో పాకం ఉడుకుతూనే ఉంటాదా? రియాక్టరూ అంతే. ఆపేసినా వేడి ఆగదు. చల్లార్చడానికి నీళ్ల పంపు కావాలి."

"అయితే ఓ పంపెట్టు."

"అది పోతే?"

"ఇంకోటెట్టు."

"అదీ పోతే?"

"మూడోది ఎట్టరా బాబూ!"

"మూడూ ఒకే గదిలో పెట్టేవనుకో, వరదొచ్చి మూడూ మునిగిపోతాయి. అప్పుడవి మూడు కాదురా, ఒక్కటే."

ఎర్రయ్య తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయాడు. కానీ గంగాధరం గారు జీవితమంతా రాసింది ఈ ముక్క మీదే.

ఏం రాసినా కింద రెండు కార్బను కాగితాలు పెట్టే రాసేవారు. పెళ్లయిన కొత్తలో వరహాలక్ష్మి పుట్టింట్లో ఉంటే, ఒకే ప్రేమలేఖ మూడు రోజులు వరసగా వచ్చింది. మూడో రోజు పోస్టుమాన్ కవరిస్తూ, "కుశలమేనటమ్మా" అని తనే చెప్పేశాడు.

అలా పోగుపడిన పాఠాలూ లెక్కలూ ఉత్తరాలూ మూడు ట్రంకు పెట్టెలయ్యాయి. ఒకటి ఇంటి అటక మీద, ఒకటి బెల్లం మార్కెట్లో తమ్ముడి వరసైన ధనరాజ్ గోదాంలో, ఒకటి ఎర్రయ్య పొలంలోని పాకలో. ఇంట్లో చెదలు పట్టినా, బజారులో నిప్పంటుకున్నా, పొలంలో నీళ్లొచ్చినా ఏదో ఒకటి మిగలాలి. భార్యనీ వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ఏ పెట్టె ఎవరి దగ్గరుందో ఒప్పజెప్పించుకున్నారు కూడా.

అన్నీ మూడేసి పెట్టుకున్న మనిషికి దేవుడు గుండె మాత్రం ఒక్కటే ఇచ్చాడు. కిందటేడు వానలకు ముందు అదే ఆగిపోయింది.

ఆయన పోయాక వరహాలక్ష్మికి నిమ్మళంగా ఏడ్చుకునే వీలు కూడా లేకపోయింది. తెల్లారేసరికి ధనరాజ్ పేపరు చదవడానికి దిగేవాడు, వాళ్లింటికీ పేపరొస్తుంది. పెరుగమ్మే మరిడమ్మ ఇదివరకు గుమ్మంలో గిన్నె పెట్టి పోయేది, ఇప్పుడు "మొకం సూపిత్తేగానీ పెరుగియ్యను తల్లీ" అని మొండికేసేది. మధ్యాహ్నం ఎర్రయ్య బస్సు దిగి, అడగని ఆనపకాయ అరుగు మీద పెట్టి, చెరకు కబుర్లు చెప్పి కానీ కదిలేవాడు కాదు. ఈ ఊరి జనానికి పనీపాటా లేదని ఆవిడ విసుక్కునేది.

ఇలా ఉండగా ఒకరోజు యూనివర్సిటీ నుంచి సుమశ్రీ అనే అమ్మాయి ఫోన్ చేసింది. గంగాధరం గారి దగ్గర చదువుకున్న తెలుగు పిల్ల, ఇప్పుడు అక్కడి లైబ్రరీలో పాత కాగితాల విభాగం చూస్తోంది.

"అమ్మా, సార్ చేతిరాత కాగితాలన్నీ సార్ పేరుతో దాచాలని నిర్ణయించారు. అర కూడా సిద్ధం చేశాం. తీసుకెళ్లడానికి వస్తున్నాను."

వరహాలక్ష్మి అటక వైపు చూసింది. అటక మీద పెట్టె లేదు. ఆయన పోయిన కొత్తలో ఆ పెట్టె కనబడితే చాలు, మనిషి పక్క గదిలోనే ఉండి పిలిస్తే పలకనట్టు ఉండేది. ఆ కోపంలో, ఎలాగూ మిగతా రెండూ ఉన్నాయి కదా అని, పాత కాగితాలవాడికి ఎత్తిచ్చేసింది.

సుమశ్రీ వచ్చేరోజుకి ధనరాజ్‌నీ ఎర్రయ్యనీ పిలిపించింది. సుమశ్రీ ఖాళీ సంచితో వచ్చి కూర్చుంది. వాళ్లిద్దరూ వట్టి చేతులతో వచ్చారు.

"పెట్టె ఏదీ ధనరాజూ?"

"అదే వదినా... బెల్లం సీజనని గోదాం ఖాళీ చేయించేను. ఎలాగూ మీ దగ్గరోటి, ఎర్రయ్య దగ్గరోటి ఉన్నాయి కదా అని... బెల్లం దిమ్మల కింద ఆ కాగితాలు పరిపించేసేను."

వరహాలక్ష్మి ఎర్రయ్య వైపు తిరిగింది. ఎర్రయ్య తుండుగుడ్డ వైపు తిరిగాడు.

"వానకి చెరకు పిప్పి తడిసిపోయి బెల్లం పొయ్యి అంటుకోలేదమ్మా. మీ ఇద్దరి కాడా ఉన్నాయి కదా అనీసి... బాగానే మండేయి."

వరదా రాలేదు, చెదలూ పట్టలేదు. మిగతా ఇద్దరూ ఉన్నారన్న ధీమాతోనే మూడూ పోయాయి. మూడు పెట్టెలనుకున్నది ఒక్కటే పెట్టె. మనిషి బతుకంతా రాసుకున్నది పెరట్లో చెత్తలా పారేసింది తనే కదా అనిపించి వరహాలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఒకళ్ల మీద ఒకళ్లం భారం పెట్టుకుని ఆయన్ని నిలువునా ముంచేశాం. రేపు నా గతీ ఇంతే. ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ ఊరుకుంటారు."

ధనరాజ్‌కి రోషం వచ్చింది. "అలాగనకండి వదినా. అన్నయ్య పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, 'మీ వదినకి నువ్వు తప్ప ఎవరూ లేరు, రోజూ ఓసారి చూసి రా' అన్నాడు. ఒక్కరోజు మానేనా?"

ఎర్రయ్య నోరు తెరిచాడు. "అదేటి! 'నువ్వొక్కడివేరా ఉన్నావు' అనీసి నాకు కదా సెప్పేడు!"

గుమ్మంలో పెరుగు గంప దించుతున్న మరిడమ్మ అక్కడే చతికిలబడింది. "ఓలమ్మో, బాబుగోరు నాతోటి అన్నారు తల్లీ. 'మా ఆవిడ్ని నీకే ఒప్పజెప్పేను, ఇంకెవులూ లేరు' అన్నారు."

వరహాలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి వచ్చింది నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. పెట్టెల సంగతి తనతో సహా దాచిన ముగ్గురికీ వివరంగా చెప్పి పోగొట్టుకున్నాడు. పెళ్లాం విషయంలో మాత్రం ఒకరి సంగతి ఇంకొకరికి పొక్కనివ్వలేదు మహానుభావుడు!

సుమశ్రీ కళ్లు తుడుచుకుంది. "సార్ ఇది ఏ రీసెర్చి పేపర్లోనూ రాయలేదమ్మా" అంది. ఆ పిల్ల పెరుగన్నం తిని వట్టి సంచితో రైలెక్కింది. అక్కడ గంగాధరం గారి పేరు రాసిన అర ఖాళీగానే ఉంటుంది. ఆ బాధ వరహాలక్ష్మికి ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

అయితే ఆవిడ ఇంకోటి కూడా గమనించింది. రహస్యం బయటపడ్డాక ధనరాజ్ ఎర్రయ్య వైపు, ఎర్రయ్య మరిడమ్మ వైపు, మరిడమ్మ ధనరాజ్ వైపు కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుని చూశారు. మిగతా రెండూ ఉన్నాయి కదా అని అటక మీది పెట్టెను తను చూసిన చూపూ సరిగ్గా అలాంటిదే.

ముగ్గురినీ విడివిడిగా సాగనంపింది. "ఎర్రయ్య ఎన్నాళ్లని బస్సెక్కుతాడు, మరిడమ్మ మర్చిపోతుంది. నువ్వొక్కడివే ధనరాజూ" అని మెట్ల దగ్గర చెప్పింది. "ధనరాజ్‌కి వ్యాపారమే లోకం. నువ్వొక్కడివే అన్నయ్యా" అని ఎర్రయ్యకు వీధి మలుపులో చెప్పింది. మరిడమ్మకు చెప్పాల్సింది పెరట్లో చెప్పింది.

మర్నాడు ధనరాజ్ పేపరు రాకముందే వచ్చాడు. మరిడమ్మ మొహం చూసి మరీ గిన్నె నింపింది. ఎర్రయ్య రెండు ఆనపకాయలు తెచ్చాడు.

వరహాలక్ష్మి గోడ మీది ఫోటో ముందు నిలబడింది.

"మీ పెట్టెలు మూడూ పోగొట్టాం, క్షమించండి. పంపులు మాత్రం మూడూ ఆడుతున్నాయి."